మాస్టారి ఓటు రెండో నంబరుకి ఎందుకు పడింది

ఈ నెల వచ్చిన మెయిళ్ళలో ఒకటి చదివాక మిగతావి పక్కన పెట్టేశా. ప్రింటర్లో ఇరుక్కునే కాగితాలూ, ఫోన్లో స్టోరేజీ నిండిపోయే గొడవలూ వచ్చే నెల చూద్దాం. ఈసారి అన్నీ వికీల్లో, అంటే నలుగురూ కలిసి రాసి దిద్దుకునే సైట్లలో, పెట్టే పోల్స్ గురించే. మొదటి ఉత్తరం కాస్త పొడుగు, అయినా పెద్దగా కత్తిరించలేదు, అందులో ప్రతి ముక్కా పనికొచ్చేదే.

ప్రశ్న: నమస్తే అండీ. మా ఊరి చరిత్ర, పాత ఫొటోలు, పొలాల పేర్లు, చెరువుల పేర్లు అన్నీ ఒకచోట పెడదామని ఒక వికీ మొదలెట్టాం, వికీపీడియా వాడే మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది. అరవై మందిమి ఉన్నాం, సగం మంది హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ. ఏ పేజీకి ఏ పేరు పెట్టాలన్న దగ్గర వాట్సాప్‌లో రోజూ గొడవలే, అందుకని వికీలోనే పోల్ పెడదాం అనుకున్నాం. మా తమ్ముడి కొడుకు కంప్యూటర్స్ చదువుతున్నాడు, వాడు రంగురంగుల డబ్బాలతో చేశాడు, డబ్బా నొక్కితే ఓటు. అందరూ భలే ఉందన్నారు. మా సంగీతం మాస్టారు ఉన్నారు, రిటైరయ్యారు, చూపు లేదు, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అని తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని వాడతారు, నిజం చెప్పాలంటే మా వికీలో అందరికంటే ఎక్కువ రాసేది ఆయనే. ఆయనకి ఆ డబ్బాలు అసలు దొరకలేదు. సరేనని మావాడు అవి తీసేసి మామూలు రేడియో బటన్లు, అదే ఒక్కటే ఎంచుకోనిచ్చే గుండ్రటి సున్నాలు, పెట్టాడు. ఈసారి మాస్టారు ఫోన్ చేసి "ఒరే, నేనింకా ఆప్షన్లు వింటూనే ఉన్నా, ఓటు పడిపోయిందంటోంది, దేనికి పడిందిరా" అన్నారు. చూస్తే రెండోదానికి పడింది, ఆయన వేద్దామనుకున్నది మొదటిదానికి. మావాడికి తప్పెక్కడుందో దొరకట్లేదు. పోనీ మనవడితో వేయించుకోండి మాస్టారూ అన్నా, ఆయన నొచ్చుకున్నట్టున్నారు, రెండ్రోజులుగా వికీకి రావట్లేదు. ఏం చెయ్యమంటారు?
(ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: ముందు ఆ చివరి ముక్క. మనవడితో వేయించుకోమన్నది మీరు మంచికే అని ఉంటారు, కానీ ఆయన నొచ్చుకోవడంలో న్యాయం ఉందండీ. మన అసలు ఎన్నికల్లోనే చూడండి, చూపులేని వాళ్ళు 18 ఏళ్ళు నిండిన మనిషిని తోడు తీసుకెళ్ళి ఓటు వేయించుకోవచ్చు, ఎన్నికల నియమాల్లో 49ఎన్ అని ఒక రూల్ ఉంది. ఆ తోడొచ్చిన మనిషి ఓటు సంగతి బయటపెట్టనని రాసివ్వాలి, ఒక రోజులో ఒక్కరికే తోడు వెళ్ళాలి. అంత పకడ్బందీగా ఉన్నా అది చాల్లే అనుకుని ఊరుకోలేదు. 2004లో మన హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో ఈవీఎం బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలు పెట్టి ప్రయోగం చేశారు, 2009 లోక్‌సభ ఎన్నికలకల్లా అది దేశమంతా వచ్చింది. పార్లమెంటు ఎన్నికలకే మెషిన్ని మార్చుకున్నాం, అరవై మంది వికీలో మనిషిని సర్దుకోమనడం ఏం బాగుంటుంది చెప్పండి.

ఇక మీ పోల్. మొదటిసారి ఏం జరిగిందంటే, మీవాడు పెట్టిన రంగు డబ్బాలు చూడ్డానికి బటన్లే గానీ బ్రౌజర్ లెక్కలో బటన్లు కావు, ఉత్త డివ్‌లు, అంటే ఏ పనీ అంటగట్టని ఖాళీ పెట్టెలు. గోడకి తలుపు బొమ్మ వేసినట్టు. మౌస్ ఉన్నవాడికి నొక్కితే పనిచేస్తుంది, ట్యాబ్ కీతో వెళ్ళేవాళ్ళకి మాత్రం కర్సర్ వాటి మీద ఆగదు, దాటేసి పోతుంది. బాణం కీలతో పేజీ మొత్తం వింటూ వెళ్తే ఎన్‌వీడీఏ ఆ అక్షరాల దగ్గర "క్లిక్కబుల్" అంటుంది, ఎంటర్ కొడితే పడొచ్చు కూడా, కానీ అది ఆప్షనా, లింకా, ఎంచుకున్నామా లేదా అన్నది చెప్పదు, చెప్పడానికి ఆ డివ్‌లో ఏమీ లేదు కదా.

రెండోసారి జరిగింది ఇంకా అన్యాయం, ఎందుకంటే సగం సరిగ్గానే చేశారు. రేడియో బటన్లకి కీబోర్డులో ఒక పద్ధతుంది. ట్యాబ్ కొడితే గుంపులోకి వెళ్తాం, గుంపులో ఒకదాన్నించి ఇంకోదానికి పోవడానికి పైకీ కిందకీ బాణాలు. అయితే అక్కడ బాణం నొక్కడమంటే జరగడమే కాదు, జరిగిన దాన్ని ఎంచుకోవడం కూడా. మాస్టారు ట్యాబ్ కొట్టారు, మొదటి ఆప్షన్ విన్నారు. రెండోది ఏంటో విందామని కింది బాణం నొక్కారు. రెండోది ఎంపికైపోయింది. మీవాడు "ఎంచుకోగానే పంపెయ్" అని రాసుంటాడు, వేరే బొత్తం ఎందుకు ఒక క్లిక్కు మిగుల్తుందిలే అని. దాంతో ఓటు వెళ్ళిపోయింది. ఇలాంటి పోల్‌లో ఎవరు కీబోర్డుతో వచ్చి కింది బాణం నొక్కినా రెండోదానికే పడుతుంది, చూపుతో సంబంధం లేదు. నమ్మకపోతే మౌస్ ముట్టకుండా మీరే ఒకసారి చూడండి.

కాబట్టి మందు చిన్నదే. రేడియో బటన్లు ఉంచండి, కింద "ఓటు వెయ్యి" అని వేరే బొత్తం పెట్టండి, అది నొక్కేదాకా ఏమీ జరక్కూడదు. ముందే ఏ ఆప్షనూ టిక్కు పెట్టి ఉంచొద్దు, పెడితే చూడకుండా బొత్తం నొక్కిన వాళ్ళ ఓట్లన్నీ దానికే. ఆప్షన్లన్నిటినీ కలిపి ఫీల్డ్‌సెట్ అనే ట్యాగ్‌లో పెట్టి, మీ ప్రశ్నని దాని లోపల లెజెండ్‌గా రాయండి, ఒక్కో ఆప్షన్ మాటల్ని లేబుల్‌తో దాని రేడియోకి ముడెయ్యండి. అప్పుడు మాస్టారికి ఇలా వినపడుతుంది: "జాతర పేజీకి ఏ పేరు పెడదాం, గ్రూపింగ్. ఊళ్ళో పిలిచే పేరు, రేడియో బటన్, నాట్ చెక్డ్, వన్ ఆఫ్ ఫోర్." ప్రశ్నేంటి, మొత్తం ఎన్ని, తనెక్కడున్నాడు, అన్నీ ఒక్క ముక్కలో వచ్చేశాయి, దీనికోసం మీవాడు జావాస్క్రిప్ట్, అదే బ్రౌజర్లో నడిచే ప్రోగ్రాము, ఒక్క లైను రాయక్కర్లేదు. లెజెండ్ లేకపోతే "ఊళ్ళో పిలిచే పేరు" అని మాత్రం వినపడుతుంది, దేనికి పేరో వెతుక్కోవాలి. లేబుల్ ముడెయ్యడం వల్ల ఇంకో లాభం, మాటల మీద ఎక్కడ నొక్కినా ఆ రేడియో ఎంపికవుతుంది. చెయ్యి వణికే వాళ్ళకి ఫోన్లో ఆ చిన్న సున్నా మీద వేలు ఆనించడం ఎంత కష్టమో మా ఇంట్లో నాకు రోజూ కనపడుతుంది. వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల్లో, అదే డబ్ల్యూసీఏజీ అంటారు, 2023 అక్టోబర్లో వచ్చిన 2.2 వెర్షన్ నొక్కే జాగా కనీసం 24 పిక్సెళ్ళు ఉండాలంది, పై మెట్టు కావాలంటే 44. నన్నడిగితే మొదట్నుంచే 44 పెట్టేసుకోండి, పోయేదేముంది.

ఓటు పడ్డాక సంగతి. ఈవీఎంలో బటన్ నొక్కగానే కుయ్ మని పొడుగ్గా బీప్ వస్తుంది చూశారా, పడిందని అందరికీ తెలుస్తుంది. పేజీలో ఆ బీప్ పని చేసేది లైవ్ రీజియన్ అని ఒకటుంది. ఒక ఖాళీ డబ్బా ముందునుంచే పేజీలో పెట్టి దానికి రోల్ స్టేటస్ అని రాస్తారు, ఓటు పడ్డాక అందులో "మీ ఓటు ‘ఊళ్ళో పిలిచే పేరు’కి పడింది, శుక్రవారం దాకా మార్చుకోవచ్చు" అని నింపితే స్క్రీన్ రీడర్ చేస్తున్న పని చెడగొట్టకుండా దాన్ని చదివి వినిపిస్తుంది. డబ్బాని అప్పటికప్పుడు పుట్టించి పెడితే కొన్నిసార్లు చదవదు, అందుకే ముందునుంచీ ఉండాలి అన్నా. ‘ధన్యవాదాలు’ ఒక్కటే వేస్తే లాభం లేదు, మాస్టారు "దేనికి పడిందిరా" అని అడిగింది గుర్తుందిగా. ఇంకోటి, పోల్ ముగియడానికి ఇంకెంత టైముందో సెకన్లు తగ్గుతూ కనిపించే గడియారం కొందరు ఈ లైవ్ రీజియన్‌లో పెట్టేస్తారు, ఇక చూస్కోండి, వినేవాడి చెవిలో "యాభై తొమ్మిది, యాభై ఎనిమిది" అని ఒకటే పోరు, పేజీ మూసేసి వెళ్ళిపోతాడు.

ఓటు మార్చుకునే వీలు మాత్రం తప్పకుండా ఇవ్వండి, పోల్ ముగిసేదాకా. పొరపాటున పడేది ఒక్క మాస్టారిదే కాదు, బస్సులో కూర్చుని ఫోన్లో నొక్కేవాళ్ళందరిదీ.

వికీకి మాత్రమే ఉన్న పేచీలు రెండు. మీడియావికీలో మామూలు పేజీలో ఫామ్ ట్యాగులూ ఇన్‌పుట్ ట్యాగులూ రాస్తే అది ఒప్పుకోదు, మామూలు అక్షరాల్లా చూపించేస్తుంది, భద్రత కోసం. అందుకని జనం పేజీ లోడయ్యాక జావాస్క్రిప్ట్‌తో పోల్‌ని అతికిస్తారు, మీవాడూ అదే చేసుంటాడు. దాని బదులు మీడియావికీకి తగిలించే చిన్న ప్రోగ్రాముగా, అదే ఎక్స్‌టెన్షన్‌గా, రాయమనండి, ఫామ్ సర్వర్ నుంచే రావాలి, స్క్రిప్ట్ నడవకపోయినా బొత్తం నొక్కితే ఓటు వెళ్ళాలి, స్క్రిప్ట్ ఉంటే పేజీ మళ్ళీ లోడ్ కాకుండా వెళ్తుంది అంతే తేడా. ఊళ్ళో సిగ్నల్ ఒక గీత మీద ఉన్నవాడికి ఇది ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు.

రెండో పేచీ, వికీ అంటేనే ఎవరైనా దిద్దొచ్చు కదా, మరి ఓట్లు పడుతుండగా ఎవరో ప్రశ్నలో అచ్చుతప్పు దిద్దారనుకోండి? కొన్ని పోల్ ప్రోగ్రాములు ప్రశ్న అక్షరాల నుంచే పోల్‌కి ఒక గుర్తు తయారుచేసుకుంటాయి, ఒక్క వత్తు మారినా అది కొత్త పోల్ అనుకుంటాయి, పడ్డ ఓట్లన్నీ కనపడకుండా పోతాయి. ఇంకో రకం వాటిలో ఓట్లు అలాగే ఉండి ప్రశ్న మారిపోతుంది, ఇది మరీ ప్రమాదం, "ఉంచాలా" అన్నదానికి పడ్డ ఓట్లు "తీసెయ్యాలా" కింద కనిపిస్తాయి. మొదటి ఓటు పడగానే ప్రశ్నకీ ఆప్షన్లకీ తాళం వేసేలా పెట్టుకోండి, దిద్దాల్సిందే అనుకుంటే ఆ పోల్ మూసి కొత్తది తెరవండి.

ప్రశ్న రాసే తీరు గురించి కూడా ఒక మాట, ఇది ప్రోగ్రాములో దొరికే తప్పు కాదు. "ఈ పేజీ తీసెయ్యకూడదంటారా?" అని అడిగి కింద అవును, కాదు అని పెట్టారనుకోండి. తెలుగులో దీనికి అవును అంటే కొందరి లెక్కలో తీసెయ్యకూడదు అని, ఇంకొందరి లెక్కలో తీసెయ్యండి అని. కళ్ళున్నవాడైతే ప్రశ్న మళ్ళీ పైకెళ్ళి చదువుకుంటాడు, వింటున్నవాడు వెనక్కెళ్ళి వెతుక్కోవాలి, చదువు అంతంతమాత్రం ఉన్న పెద్దాయనకి రెండూ కష్టమే. ఆప్షన్‌లోనే పూర్తి మాట రాయండి, "పేజీ ఉంచాలి", "పేజీ తీసెయ్యాలి", "నాకు ఏదైనా పర్లేదు". ఆ మూడోది ఎందుకంటారా, ఈవీఎంలో నోటా 2013లో వచ్చింది, మీ వికీకి ఇప్పుడే రావచ్చు.

ఇక మాస్టారి దగ్గరికి ఒకసారి ఇంటికే వెళ్ళండి, కొత్తది ఆయన ముందు పెట్టి, సాయం చెయ్యకుండా నోరు మూసుక్కూర్చుని చూడండి. ఈలోపు ఆ పాత పోల్‌లో పడ్డ ఓటు తీసేసి ఆయన్ని మళ్ళీ వెయ్యనివ్వండి, ముగిసే తేదీ రాకముందే.

ప్రశ్న: మా కాలేజీ పాత విద్యార్థుల వికీలో పోల్ ఫలితాలు గుండ్రటి చార్టులో చూపిస్తున్నాం, ఒప్పుకున్నవాళ్ళు ఆకుపచ్చ, కాదన్నవాళ్ళు ఎరుపు. ఒకాయన నాకు రెండూ ఒకేలా ఉన్నాయి అంటున్నాడు. ఒక్కడి కోసం రంగులు మార్చాలా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: చెప్పినవాడు ఒక్కడు, చెప్పనివాళ్ళు ఎంతమందో? ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోవడం మగవాళ్ళలో అంత అరుదేం కాదు, చాలామందికి తమకుందని కూడా తెలీదు, లైసెన్సు కోసమో ఉద్యోగం కోసమో టెస్టుకి వెళ్తే బయటపడుతుంది. అయినా రంగులు మార్చమని కాదు నేననేది, రంగు మీద ఆధారపడొద్దని. ఫలితం ముందు మాటల్లో రాయండి: "మొత్తం 23 ఓట్లు. ఉంచాలి 14, తీసెయ్యాలి 6, ఏదైనా పర్లేదు 3." దాని కింద కావాలంటే అడ్డ గీతల చార్టు వెయ్యండి, ఒక్కో గీత పక్కనే దాని పేరు, అంకె. గుండ్రటి చార్టు నాకు అసలే ఇష్టం ఉండదు, ఏ ముక్క పెద్దదో కళ్ళున్నవాళ్ళకే సరిగా తెలీదు. చార్టు బొమ్మ అయి దానికి వివరణ రాయకపోతే స్క్రీన్ రీడర్ దాన్ని ఒక్కోసారి ఫైల్ పేరుతో చదువుతుంది, "రిజల్ట్ ఫైనల్ కొత్తది రెండు డాట్ పీఎన్‌జీ", నవ్వకండి, నేను విన్నదే.

శాతాలు వేసేటప్పుడు కూడా కాస్త చూడండి, తొమ్మిది ఓట్ల పోల్‌కి 11.11 శాతం ఎందుకండీ, ఒక ఓటు అని రాస్తే పోలా.

అక్షరాల రంగు గురించి అడగలేదు గానీ చెప్తా. మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య తేడా 4.5 రెట్లు ఉండాలి, గీతలూ రేడియో సున్నాల అంచులూ అయితే 3 రెట్లు చాలు. ఫలితాల కింద చిన్నగా బూడిద రంగులో రాయడం ఇప్పుడు ఫ్యాషన్, ఆ 999999 అనే కోడున్న బూడిద తెల్ల మీద 2.85 దగ్గరే ఆగిపోతుంది. 767676 వేస్తే 4.54, పాసైపోయినట్టే. పసుపు అక్షరాలు తెల్ల మీద వేసేవాళ్ళకి నేను చెప్పేదేం లేదు.

ప్రశ్న: దొంగ ఓట్లు పడకుండా మేం వంకర అక్షరాల కాప్చా పెట్టాం, ఒక ఐపీకి, అంటే ఒక ఇంటర్నెట్ చిరునామాకి, ఒక ఓటే అని కూడా పెట్టాం. సరిపోతుందా?
(ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: దొంగలకి సరిపోదు, దొరలకి సరిపోతుంది. వంకర అక్షరాలు చూపులేని వాళ్ళకి మూసిన తలుపు, వయసు మీదపడ్డ వాళ్ళకి సగం మూసిన తలుపు, దొంగ ఓట్లేసే ప్రోగ్రాములు, అదే బాట్లు, మాత్రం ఇప్పుడు వాటిని బాగానే చదువుతున్నాయి. ఐపీ సంగతికొస్తే మొబైల్ నెట్‌వర్కుల్లో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, హాస్టల్ వైఫై కూడా అంతే, మొదటివాడు ఓటేస్తాడు, రెండోవాడికి "మీరు ఇప్పటికే ఓటేశారు" అని వస్తుంది, పాపం వాడేం చేశాడు. లాగిన్ అయినవాళ్ళకే ఓటు అని పెట్టండి, ఒక ఖాతాకి ఒకటి, ఫలానా తేదీకి ముందు తెరిచిన ఖాతా అయ్యుండాలి, ఇక కాప్చా ఎందుకు. కొత్త ఖాతా తెరిచేచోట మాత్రం ఏదో ఒకటి కావాలంటే మీడియావికీలో సొంత ప్రశ్న అడిగే వీలుంది, మీవాళ్ళందరికీ తెలిసింది, బయటివాడికి తెలియంది అడగండి, అక్షరాల్లో.

ప్రశ్న: అసలు వికీలో ఓటింగే తప్పు అంటాడు మా ఫ్రెండ్, వికీపీడియాలో ఓట్లుండవు, చర్చే ఉంటుంది అంటాడు. మరి వాళ్ళు మద్దతు, వ్యతిరేకం అని రాసుకునేదేంటి?
(ఒక పాఠకుడు, బెంగళూరు)

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది ముప్పాతిక నిజం. ఇంగ్లిష్ వికీపీడియాలో పేజీలు తీసెయ్యడం గురించి మాట్లాడుకునే చోటికి మొదట్లో "తొలగింపు ఓట్లు" అనే అర్థం వచ్చే పేరుండేది, 2005లో అందులోంచి ఓటు అన్న మాటే తీసేశారు, లెక్కపెట్టడం కాదు కారణాలు తూచడం ముఖ్యమని. ఇప్పటికీ అక్కడివాళ్ళు తమ అభిప్రాయాన్ని ఓటు అనకుండా ముందు ఒక ఆశ్చర్యార్థకం పెట్టి "!ఓటు" అని రాస్తారు, ప్రోగ్రామింగ్‌లో ఆ గుర్తుకి ‘కాదు’ అని అర్థం, అంటే ఇది ఓటు కాదు అని వాళ్ళ జోకు. అయితే మనుషుల్ని ఎన్నుకునే చోట నిజం ఓటే ఉంటుంది, అక్కడి గొడవలు తేల్చే ఆర్బిట్రేషన్ కమిటీకి 2009 నుంచి రహస్య ఓటే, సెక్యూర్‌పోల్ అనే ఎక్స్‌టెన్షన్ దానికోసం వాడతారు. మన తెలుగు వికీపీడియాలో రచ్చబండ అనే చర్చల పేజీ ఉండనే ఉంది, పేరే చెప్తోంది కదా అక్కడ ఏం చెయ్యాలో.

మీ వికీలో కారణం చెప్పాల్సిన విషయమైతే చర్చా పేజీలోనే నడపండి, సంతకంతో. కాకపోతే అక్కడా స్క్రీన్ రీడర్ వాళ్ళకి ఇబ్బందులున్నాయి. పొడుగాటి పేజీ మొత్తం ఎడిట్‌లో తెరిచి, ఎవరెవరి మాటలో దాటుకుంటూ తన లైను ఎక్కడ రాయాలో వెతుక్కుని, సంతకానికి నాలుగు టిల్డాలు (~~~~) పెట్టి, భద్రపరచబోతే "దిద్దుబాటు ఘర్షణ" అంటుంది, ఈలోపు ఇంకెవరో రాసేశారన్నమాట. అందుకని మద్దతుకి ఒక సెక్షన్, వ్యతిరేకానికి ఒక సెక్షన్, వేటికవే ఎడిట్ లింకులు ఉంచండి, లేదంటే డిస్కషన్‌టూల్స్ ఎక్స్‌టెన్షన్ పెడితే ప్రతి మాట కిందా రిప్లై లింకు వస్తుంది. నంబర్లతో రాసే వరుసలో మధ్యలో ఖాళీ లైన్లు వదలొద్దు, కంటికి అందంగానే ఉంటుంది గానీ వికీ దాన్ని వేరే జాబితా అనుకుంటుంది, అంకెలు మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి, వినేవాడికి "జాబితా, ఒక అంశం, జాబితా ముగిసింది, జాబితా, ఒక అంశం" అని పన్నెండు సార్లు వినపడుతుంది.

ప్రశ్న: నేను ఆండ్రాయిడ్ ఫోన్లో ఉండే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ వాడతాను, చూపు లేదు. మీరు బటన్ల గురించి రాస్తారు సరే, మా అసలు బాధ తెలుగే. ఒక సైట్లో పోల్ ఆప్షన్లు ఇంగ్లిష్ గొంతుతో అర్థంకాకుండా చదువుతుంది, ఇంకోచోట ప్రశ్న బొమ్మలో ఉంటుంది, ఇంకోచోట అన్నీ ఎమోజీలు. చెప్తే "చూస్తాం సార్" అంటారు. దీనికి చట్టమేం లేదా?
(ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: మీరన్నది నిజం సార్, నేను తెలుగు గురించి తక్కువే రాశాను. వికీ పెట్టుకునేవాళ్ళు వినండి: పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పకపోతే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకి మారదు, కొన్నిసార్లు తెలుగు అక్షరాల్ని వదిలేసి అంకెలు మాత్రం చదువుతుంది. మీడియావికీ పెట్టేటప్పుడు భాష ఇంగ్లిష్‌లో వదిలేసి తెలుగు రాసుకుంటూ పోయేవాళ్ళే ఎక్కువ, సెట్టింగ్స్‌లో ‘టీఈ’ అని మార్చడం ఒక్క లైను పని. పాత పేజ్‌మేకర్ ఫైళ్ళ నుంచి అను ఫాంట్ అక్షరాలు కాపీ చేసి అతికించొద్దు, యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి, లేకపోతే కంప్యూటర్‌కి అవి ఏవో ఇంగ్లిష్ చిహ్నాలు. వాట్సాప్ పోస్టర్ బొమ్మని ప్రశ్నగా పెట్టడం కూడా ఇదే కోవ. ఎమోజీ పెడితే పక్కన మాట రాయండి, చప్పట్ల బొమ్మా, దణ్ణం బొమ్మా ఒక్కొక్కరికి ఒక్కో అర్థం.

చూపున్నవాళ్ళకి కూడా తగిలే తెలుగు తిప్పలు ఇంకోటుంది. బొత్తం ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి సరిపడా ఇన్ని పిక్సెళ్ళు అని బిగించేస్తారు, తెలుగు వేసేసరికి పైన గుడులూ కింద వత్తులూ తెగిపోతాయి. ఒకచోట "ఒప్పుకుంటాను" బొత్తం "ఒపుకుంటాను" అయి కూర్చుంది. అక్షరాలు 200 శాతం పెంచుకునే వాళ్ళ దగ్గర ఇంకా ఘోరం. ఎత్తు బిగించకండి, లైన్ల మధ్య జాగా కాస్త ఎక్కువివ్వండి, అంతే.

చట్టం ఉందండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 21 రకాల వైకల్యాలు అందులో ఉన్నాయి, సమాచారం అందుబాటులో ఉండటం హక్కు కింద ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం కూడా రాజ్యాంగం 21వ అధికరణంలో జీవించే హక్కులో భాగమేనంది, ఫోన్లో కేవైసీ చేసేటప్పుడు కన్ను ఆర్పండి అంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులూ, చూపులేని వాళ్ళూ వేసిన కేసులు అవి. అయితే ఊరి వికీ నడిపే నలుగురు కుర్రాళ్ళ మీదకి చట్టం తీసుకెళ్ళాలని మీకూ ఉండదు, నాకూ లేదు. "పనిచెయ్యట్లేదు" అని కాకుండా "ట్యాబ్ కొడితే బొత్తం మీద ఆగట్లేదు, రెండో ఆప్షన్ ఇంగ్లిష్‌లో చదువుతోంది" అని, ఫోన్ మోడలూ టాక్‌బ్యాక్ వెర్షనూ వేసి రాస్తే "చూస్తాం సార్" అనడం కొంచెం కష్టమవుతుంది. వీలైతే టాక్‌బ్యాక్ చదివేది ఒక నిమిషం రికార్డు చేసి పంపండి, అది విన్నాక ఎవరైనా కదులుతారు.

ప్రశ్న: మా గ్రూపులో చూపులేని వాళ్ళెవరూ లేరు, పోల్ సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి? ఇంకోటి, ముగిసే టైం రాత్రి 9 అని రాస్తే ఇక్కడివాళ్ళు ఇక్కడి 9 అనుకున్నారు, సగం ఓట్లు పోయాయి.
(ఒక పాఠకురాలు, డల్లాస్)

జవాబు: లేరు అంటున్నారు, పోల్ దగ్గరికి రాలేక వెళ్ళిపోయినవాళ్ళు మీ లెక్కలో లేరేమో. సరే, మౌస్ పీకి పక్కన పెట్టండి, ట్యాబ్, బాణాలు, స్పేస్, ఎంటర్ ఇవే వాడి ఓటెయ్యండి, ఎక్కడున్నామో చూపించే గీత ప్రతి అడుగులో కనపడాలి. తర్వాత ఎన్‌వీడీఏ దించుకోండి, ఉచితం, 2006లో చూపులేని ఆస్ట్రేలియా కుర్రాడొకడు మొదలుపెట్టింది, స్క్రీన్ ఆపేసి, నిజంగా ఆపేసి, చెవులతోనే ఓటెయ్యండి. మొదటిసారి పది నిమిషాలు పడుతుంది, చిరాకొస్తుంది, కానివ్వండి. ఆ తర్వాత ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి ఒకసారి, ఎండలో నిలబడి ఒకసారి.

టైం సంగతి, సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైంలో, దాచుకుంటుంది, మన ఇండియా టైం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. "శుక్రవారం రాత్రి 9, ఇండియా టైం" అని రాసి పక్కనే మీ టైం కూడా రాసెయ్యండి, లెక్కలు జనానికి వదలొద్దు. డల్లాస్‌లో అది ఎండాకాలం శుక్రవారం ఉదయం 10:30, చలికాలం 9:30.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, గూగుల్ ఫామ్ లింకు పెట్టేస్తే పోలా?
(ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: రహస్యంగా ఉండాల్సిన ఒకటీ అరా పోల్‌కి పెట్టేయండి, స్క్రీన్ రీడర్లతో అది బాగానే నడుస్తుంది, మీరు చేతులతో కట్టే రంగు డబ్బాల కంటే నయమే. కాకపోతే ఫలితం ఆ ఫామ్ పెట్టిన మనిషి ఖాతాలో ఉండిపోతుంది, ఆయన రెండేళ్ళ తర్వాత ఎక్కడుంటాడో, జాతర పేజీకి ఆ పేరు ఎందుకు పెట్టారని అప్పుడు అడిగితే చూపించడానికి వికీలో ఏమీ ఉండదు. పోల్ మూసిన రోజే అంకెలు చర్చా పేజీలో మాటల్లో రాసి పెట్టుకోండి.